విడిచిన బట్ట, కుట్టిన బొంత

మన వస్తువుల చరిత్ర – 9వ భాగం

పోయిన భాగంలో కుండ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి బట్ట. అందులోనూ పాత బట్ట.

ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. మన పూర్వీకులకు వృథా అంటే ఏమిటో తెలియదట. చినిగిన చీర కూడా పారేయకుండా బొంత కుట్టుకునేవారట. ఇదే భారతీయ జీరో వేస్ట్ సంస్కృతి అట. ఆ మాట పక్కనే అతుకుల జాకెట్ వేసుకున్న మోడల్ ఫొటో, కింద వేలల్లో ధర. దీనికి అప్‌సైక్లింగ్ అని పేరు. పాత బట్టను కొత్తగా కుట్టుకుంటే భూమికి మంచిదే, నాకు అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఆ 'మన పూర్వీకులు' అనే మాట మీద. ఆ పాత చీరను కట్టి విడిచింది ఎవరు? దాన్ని తీసుకోక తప్పనిది ఎవరికి? సూది పట్టుకుని కూర్చున్నది ఎవరు? ముగ్గురినీ ఒకే 'మన'లో పడేస్తే చరిత్ర మాయమవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

కాటి దగ్గర మొదలుపెడదాం. హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు తెలుగునాట తక్కువ. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకంలో జాషువా శ్మశాన పద్యాలు కూడా చేర్చి పాడతారు కాబట్టి మనవాళ్లకు అది ఇంకొంచెం దగ్గర. కాటికాపరి వీరబాహుకు అమ్ముడుపోయిన రాజు, సొంత కొడుకు శవాన్ని మోసుకొచ్చిన భార్యను కూడా కాటి సుంకం అడుగుతాడు. ఇవ్వడానికి ఆమె దగ్గర కట్టుబట్ట తప్ప ఏమీ ఉండదు. ఆ సీన్‌లో ఊరంతా ఏడుస్తుంది. దీనికి మూలమైన మార్కండేయ పురాణంలోకి వెళితే రాజు పని ఇంకా స్పష్టంగా ఉంటుంది. శ్మశానంలో శవాల మీది గుడ్డలు సేకరించడం అతని ఉద్యోగం. అతను కప్పుకున్నది పాత పేలికలు ముడివేసిన కంథ. కంథ అంటే మన బొంతే.

రాజు కొన్నాళ్లు బొంత కప్పుకున్నందుకు ఇన్ని వందల ఏళ్లుగా ఏడుస్తున్నాం. వీరబాహు భార్య ఏం కట్టుకునేదో ఎవరైనా అడిగారా? ఇంకో తమాషా ఏమిటంటే, పురాణంలో చివరికి ఆ చండాలుడు కూడా మారువేషంలో ఉన్న ధర్ముడని తేలుతుంది. అంటే నిజమైన కాటికాపరి ఆ కథలో ఒక్కడూ లేడు. బట్ట మాత్రం నిజం.

ఆ బట్ట ఎక్కడి నుంచి వచ్చిందో మనుస్మృతి దాచుకోకుండా చెప్పింది. పదో అధ్యాయం 52వ శ్లోకంలో చండాలుల బట్టలు శవాల మీదివి, తినేది పగిలిన పాత్రల్లో, నగలు ఇనుపవి. అదే అధ్యాయం 125లో సేవ చేసే శూద్రుడికి ఇవ్వాల్సినవి: ఎంగిలి అన్నం, పాత బట్టలు, తాలు గింజలు, పాత సామాన్లు. పాత బట్టలో రెండు మెట్లు ఉన్నాయన్నమాట. బతికినవాడు విడిచిన బట్ట ఒకరికి, చచ్చినవాడు విడిచిన బట్ట మరొకరికి. బీసీ, ఎస్సీ మిత్రులు ఈ రెండు శ్లోకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని నా కోరిక. మన మధ్య ఉన్న గోడ ఏ ఇటుకతో కట్టారో అందులో కనపడుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మనువు రాసింది దానధర్మం కాదు, నియమం. కొత్త బట్ట కొనుక్కునే స్తోమత వచ్చినా కొనుక్కోకూడదు అనేదే దాని అర్థం. అది పుస్తకంలోనే ఆగిపోలేదు. 1928లో ఇండోర్ ప్రాంతంలో బలాయీలకు పెద్దకులాలవాళ్లు పెట్టిన షరతులను అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఎత్తి చూపారు. జరీ అంచు తలపాగా వద్దు, రంగు అంచు ధోవతి వద్దు, ఆడవాళ్లు సోకైన గౌన్లు, రవికలు వేయొద్దు. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కల్లర్లు ఆది ద్రావిడులకు పెట్టిన ఆంక్షలు ఇంకా దారుణం. మగవాళ్ల బట్ట మోకాలు దాటి కిందికి రాకూడదు, నడుము దాటి పైకి పోకూడదు. కోటు, చొక్కా, బనియను వేయకూడదు. ఆడవాళ్లు రవిక తొడగకూడదు.

కోటు, చొక్కా, బనియను, రవిక. అన్నీ కుట్టిన బట్టలే. ఆంక్ష సూటిగా సూది మీదికే వచ్చింది.

కుట్టు మీద కులానికి మొదటి నుంచీ ఒక అనుమానం ఉంది. మడి కట్టుకోవడం అంటే కుట్టు లేని బట్ట కట్టుకోవడం. పూజకు, పితృకార్యానికి పంచె కావాలి, చొక్కా పనికిరాదు. సూది తగిలితే శుద్ధి పోతుంది. మరి అదే సమాజంలో కుట్టు లేకుండా ఒక్క ఎకరం పారేదా? మోట బొక్కెన కుట్టింది మాదిగ, తొండం కుట్టింది మాదిగ, ఎద్దు మెడకు పట్టెడ, రైతు కాలికి చెప్పు కుట్టింది మాదిగ. ఆరె పట్టుకుని తోలును నీళ్లు కారకుండా కుట్టగలిగిన చేతులకు గుడ్డ కుట్టడం ఎంత పని? అయినా ఆ చేతులకు అంగీ కుట్టించుకునే హక్కు ఉండేది కాదు.

కుట్టించుకునే రోజులు వచ్చాక కూడా ముట్టుకోవడం సమస్యే. చేతి కొలత తీయాలంటే చేయి పట్టుకోవాలి కదా. దూరం నుంచే చూసి అందాజుగా కుట్టేవాళ్లనీ, పాత అంగీ ఒకటి అరుగు మీద పడేసి పొమ్మనేవాళ్లనీ మా పెద్దలు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లందరూ టైలర్‌కు 'ఆది జాకెట్' ఇస్తారు, అది సౌకర్యం కోసం. మనవాళ్లు ఇచ్చిన ఆది వేరే. ఇదంతా పాత ముచ్చట అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ సహా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన అంటరానితనం సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. దర్జీలు దళితుల కొలతలు తీయకపోవడం అందులో నమోదైన అంటరానితనాల్లో ఒకటి.

ఇక పాత చీర మన వాడకు ఎట్లా వచ్చేదో చూద్దాం. జీతగాడి ఒప్పందంలో వడ్లతో పాటు గొంగడి, చెప్పుల జత ఉండేవి. జీతగాడి పెండ్లాం చేసిన పనికి ఒప్పందమే లేదు. కొట్టంలో పేడ తీసి, వాకిలి ఊడ్చి, పండుగకు ఇల్లు అలికి పెడితే, దొరసాని కట్టి విడిచిన చీర పైనుంచి కొంగులో పడేది. చేతికి ఇవ్వరు, వేస్తారు. దాన్ని దయ అన్నారు. లెక్క వేస్తే అది కూలి బాకీ. ఏడాది పనికి రావాల్సిన కూలి ఒక చినిగిన చీర రూపంలో వచ్చేది, పైగా 'మా చీర కట్టుకుని తిరుగుతోంది' అనే మాట ఉచితం.

ఆ చీర వాడలోకి వచ్చాక ఏమయ్యేదో చెబితే నగరంలో పుట్టిన మన పిల్లలకు ఆశ్చర్యంగా ఉంటుంది. మొదట చిరుగు ఉన్న చోట చింపి, రెండు మంచి ముక్కలు కలిపి అతుకు చీర. అది పల్చబడ్డాక ఆడపిల్లకు లంగా, అందులో మిగిలింది చిన్నదానికి గౌను. ఇంకో చీర ఉంటే దూలానికి ఉయ్యాల. తర్వాత బొంతలో పొర. బొంతకు కూడా పనికిరాని మెత్తటి నూలు ముక్కలు ముట్టు గుడ్డలు. గట్టి ముక్క నీళ్లబిందె కింద తలమీది చుట్ట. ఆ తర్వాత మసిబట్ట. చివరికి దీపం వత్తి. మగవాళ్ల పాత ప్యాంటు అయితే కాళ్ల దగ్గర కోసి రెండు సంచులు. ఆ సంచితో బడికి పోయినవాళ్లు ఇది చదువుతున్నవాళ్లలో చాలామంది ఉంటారు, నాతో సహా. ప్యాంటు జేబు బయటికి కనపడకుండా మా అమ్మ లోపలివైపు తిప్పి కుట్టింది. అది పలక బలపం పెట్టుకోవడానికి అయింది.

ఇప్పుడు ఇదే వరుసను మరొక చోట చూపిస్తాను. బౌద్ధ వినయపిటకంలో ఒక కథ ఉంది. కోశాంబి రాజు ఉదయనుడి రాణులు ఆనందుడికి 500 వస్త్రాలు దానమిస్తారు. రాజుకు కోపం వస్తుంది. ఇన్ని బట్టలు ఏం చేసుకుంటాడు, దుకాణం పెడతాడా అని నేరుగా వెళ్లి అడుగుతాడు. ఆనందుడు ఒక్కొక్కటే చెబుతాడు. చీవరాలు చినిగిన భిక్షువులకు ఇస్తాం. మరి వాళ్ల పాతవి? వాటిని పక్క మీద పరిచే దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? నేల మీద పరిచే గుడ్డలు. అవీ పాతబడితే కాళ్లు తుడిచే పట్టాలు, తర్వాత దుమ్ము దులిపే గుడ్డలు. అవీ అయిపోతే చింపి, మట్టిలో పిసికి, నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇస్తాడు.

మా అమ్మమ్మకు వినయపిటకం తెలియదు. కానీ ఆనందుడి జాబితా ఆమె జాబితా ఒకటే.

అయితే దీన్ని చూసి 'బౌద్ధంలోనూ పాత బట్టలే కదా' అని మురిసిపోతే సగమే చదివినట్టు. భిక్షువు తొలి రోజుల్లో కట్టింది పాంశుకూలం. చెత్తకుప్ప మీదా దారిలోనూ శ్మశానంలోనూ దొరికిన గుడ్డలు ఉతికి, కత్తిరించి, కుట్టి, రంగు వేసిన చీవరం. మగధ పొలాల గట్లు చూపించి ఆ తీరుగా ముక్కలు పేర్చి కుట్టమని బుద్ధుడు చెబితే ఆనందుడు అలాగే చేశాడని వినయం చెబుతుంది. మడిలో కుట్టు అంటే మైల, సంఘంలో కుట్టు లేని చీవరమే లేదు. మనువు ఏ శవం గుడ్డను చండాలుడికి మైల గుర్తుగా వేశాడో, దాన్నే బుద్ధుడు తన ఒంటిమీద, రాజకుమారుల ఒంటిమీద, పాకీపని చేసిన సునీతుడి ఒంటిమీద ఒకే తీరుగా వేశాడు. అందరూ అదే కట్టుకుంటే అది ఎవరి గుర్తు? ఎవరిదీ కాదు. తర్వాత గృహస్థులు ఇచ్చే కొత్త వస్త్రాలు తీసుకోవడానికి కూడా అనుమతి ఇచ్చాడు. కావాలంటే పాంశుకూలం, కావాలంటే కొత్త బట్ట. ఎంచుకునే వీలు భిక్షువుకు ఉంది. వాడలో మన అవ్వకు అది లేదు. అప్‌సైక్లింగ్ గురించి మాట్లాడేటప్పుడు నేను ముందు చూసేది ఈ తేడానే.

అంబేడ్కర్ దీన్ని ఎంత సూక్ష్మంగా పట్టుకున్నారో మహద్‌లో తెలుస్తుంది. 1927 డిసెంబర్ 25న మనుస్మృతిని తగలబెట్టారని అందరికీ తెలుసు. ఆ సభల్లోనే ఆయన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానివాళ్లని దూరం నుంచే చెప్పేసే చీరకట్టు, మోటు నగలు వదిలేయమన్నారు. అందరు ఆడవాళ్లలా కట్టుకోమన్నారు. ఏ బట్ట వేసుకోవాలో, ఏ లోహం పెట్టుకోవాలో చెప్పే అధికారం ఎవరికీ లేదన్నారు. దాంతోపాటు ఇంకో మాట కూడా అన్నారు: బట్ట నిండా అతుకులు ఉన్నా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలి. నాకు ఇది చాలా పెద్ద మాట. ఆయన పేదరికానికి సిగ్గుపడమనలేదు. అతుకు మనది, కుట్టుకున్నది మనమే. గుర్తు వాళ్లు వేసింది, దాన్ని విప్పేయాలి. అతుకునూ గుర్తునూ వేరు చేసి చూపించారు.

అంతకు ఆరేళ్ల ముందు, 1921 సెప్టెంబరులో మధురైలో గాంధీ పై బట్టలు వదిలేసి కొల్లాయికి మారారు. దేశమంతా దండం పెట్టింది. అంబేడ్కర్ సూటు వేసుకుంటే ఇప్పటికీ వెక్కిరించేవాళ్లున్నారు. బీరువా నిండా ఉన్నవాడు విప్పడం, విప్పించబడ్డవాడు తొడుక్కోవడం ఒకే తూకంలో తూచకూడదు. ఈ సంగతి మీద చాలామంది రాశారు, ఇక్కడ ఆపేస్తాను.

బొంత దగ్గరకు వద్దాం. ఎండాకాలం, కూలి పనులు లేని రోజుల్లో పని ఇది. చీరలు ఉతికి ఎండేసి, నేల మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాలి. మధ్యలో లుంగీ ముక్కలు, లంగా ముక్కలు, చొక్కా వీపులు, ఏది ఉంటే అది ఎత్తుపల్లాలు లేకుండా పేర్చాలి. ఇదే కష్టమైన పని, ఇక్కడ తప్పితే బొంత గడ్డలు కడుతుంది. పైన ఇంకో మంచి చీర. ముందు పెద్ద టాకాలు వేసి కదలకుండా చేసి, తర్వాత అంచు నుంచి లోపలికి వరుసలుగా కుట్టుకుంటూ రావాలి. మందం ఎక్కువైతే సూది దిగదు, దబ్బనం కావాలి. చీర అంచులు వృథా పోవు, బొంత చుట్టూ పట్టీ అవుతాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుంటే రోజుల పని. ఎవరి కుట్టు ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో తెలిసినవాళ్లు చేయి పెట్టి చెప్పేవాళ్లు.

కుట్టడం రానివాళ్లకు, తీరిక లేనివాళ్లకు బుడగ జంగాల ఆడవాళ్లు ఊరూరా తిరిగి కుట్టి పెట్టేవాళ్లు. బుడగ జంగాల మగవాళ్ల తంబుర, వాళ్లు చెప్పే కథలు పరిశోధనలకెక్కాయి, డాక్టరేట్లు వచ్చాయి. ఆడవాళ్ల సూది ఎక్కడా ఎక్కలేదు. బెంగాల్ కాంథా మ్యూజియాల్లో ఉంది. అందులో భద్రలోక ఇళ్ల ఆడవాళ్లు కుట్టిన పువ్వులు, ఏనుగులు ఉన్నాయి కాబట్టి. మన బొంత మీద పువ్వులు ఉండవు, వరుసలే ఉంటాయి. కళ అనిపించుకోవడానికి అది చాలలేదు.

చాలుతుందని అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు నిరూపించారు. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని ఒక పల్లె. మూడువైపులా నది. ఒకప్పటి పత్తి తోట బానిసల వారసులే అక్కడి జనం. చాలామంది ఇంటిపేరు పెట్‌వే, అది యజమాని ఇంటిపేరు. చలికి ఆగని చెక్క ఇళ్లలో కప్పుకోవడానికి పాత పని బట్టలతో బొంతలు కుట్టుకున్నారు. 1942లో మిజోరీ పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోయాక అతని పని బట్టలు కోసి ఒక బొంత కుట్టుకుంది. మోకాళ్ల దగ్గర వెలిసిన ప్యాంటు గుడ్డ, రంగుపోయిన చొక్కా గుడ్డ అలాగే కనపడతాయి. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఆమె పేరుతో.

ఆ పల్లె ఉద్యమ పల్లె కూడా. ఓటు నమోదుకు నది దాటి పోకుండా 1962లో పడవ ఆపేశారు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ అక్కడికి వచ్చారు. 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని బొంతలు అమ్మారు. 2002లో పెద్ద మ్యూజియాల్లో ప్రదర్శన జరిగింది, 2006లో తపాలా బిళ్లలు వచ్చాయి. ఆగిన పడవ కూడా 2006లోనే మళ్లీ నడిచింది. బొంతలు న్యూయార్క్ చేరడానికి పట్టినంత కాలం కూడా పట్టలేదు అనుకుంటే పొరపాటు, అంతకన్నా ఎక్కువే పట్టింది. 2007లో కొందరు కుట్టిన ఆడవాళ్లు తమకు న్యాయమైన వాటా రాలేదని కోర్టుకు వెళ్లారు, మరుసటి ఏడు రాజీ అయింది. గుర్తింపు వచ్చాక కూడా లెక్క అడగాల్సే వస్తుంది.

ఇంత దూరం పోనక్కర్లేదు కూడా. కర్ణాటక ఉత్తర కన్నడ అడవుల్లో సిద్దీలు ఉన్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా వచ్చినవాళ్ల సంతతి. మన హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరులో ఉన్న ఆఫ్రికన్ గార్డులు గుర్తున్నారు కదా. ఆ సిద్దీ ఆడవాళ్ల బొంత పేరు కవంది. అంచు నుంచి లోపలికి కుడుతూ వస్తారు, నాలుగు మూలలా 'పూలు' అని మడిచిన గుడ్డ ముక్కలు పెడతారు. పూలు లేని కవంది బోడిది అంటారట.

ఇక ఈ రోజు సంగతి. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చే ఆడవాళ్లు మీ వీధికీ వస్తారు. ఉత్తర భారతంలో ఆ పని ఎక్కువగా గుజరాత్ నుంచి వచ్చిన వాఘ్రీలది, ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో వాళ్ల పెద్ద సంత ఉంది. పానిపట్‌లో విదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టలను ఆడవాళ్లు నేల మీద కూర్చుని కత్తిపీటల మీద కోస్తారు. గుండీలు, జిప్పులు తీసేసి రంగుల వారీగా వేరు చేస్తే, మిషన్లు దాన్ని పీకి మళ్లీ నూలు చేస్తాయి. వరదలప్పుడు పంచే చవక దుప్పట్లలో అవీ ఉంటాయి. ఈ దేశంలో అప్‌సైక్లింగ్ చేసేది నిజంగా వీళ్లు. వాళ్లను ఎవరూ డిజైనర్లు అనరు.

1999లో మొదలైన గూంజ్ సంస్థ పాత బట్టలతో నెలసరి ప్యాడ్లు కుట్టించింది, ముట్టు గుడ్డ గురించి సిగ్గు లేకుండా మాట్లాడింది. దానికి నా గౌరవం ఉంది. ఊరి పని చేస్తే బట్టలిచ్చే పద్ధతిని అది దానం కాకూడదని పెట్టారు, ఆ ఉద్దేశం అర్థమవుతుంది. కానీ పనికి పాత బట్ట అనే మాట వినగానే మన వాడలో పెద్దవాళ్లకు ఏం గుర్తొస్తుందో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ప్రభుత్వాల సంగతి మరీ విచిత్రం. ఎస్సీ ఆడవాళ్లకు ఉపాధి అనగానే ముప్పై ఏళ్లుగా కుట్టు మిషనే. ఇంజనీరింగ్ చదివిన పిల్లకూ కుట్టు మిషనే చూపిస్తారు. కుట్టు మన విద్య, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ మిషన్‌తో పాటు అంగడి ఎక్కడ, బ్రాండ్ ఎవరిది, బడిపిల్లల యూనిఫాంల కాంట్రాక్టు ఎవరికి వెళ్లింది అని అడగండి. మిషన్ ఇచ్చిన ఫొటో ఉంటుంది, కాంట్రాక్టు కాగితం ఉండదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. బొంతలు అయిపోతున్నాయి. మార్కెట్ రగ్గులు వచ్చాక పాతవి కోళ్లగూళ్ల మీద, ట్రాక్టర్ సీట్ల మీద కనపడుతున్నాయి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక బొంత తీసి మీ అవ్వ ముందు పరవండి. పై చీర ఎవరిది, లోపల ఎవరెవరి బట్టలు ఉన్నాయి, ఎవరు కుట్టారు, ఎన్ని రోజులు పట్టింది, బయటివాళ్లు కుడితే ఏమిచ్చారు అని అడగండి. అందులో దొరసాని చీర ఉంటే, అది ఏ ఏడు, ఏ పనికి వచ్చిందో కూడా అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. ముందూ వెనకా రెండు ఫొటోలు తీయండి, ఎందుకంటే కుట్టు వెనకవైపే బాగా కనపడుతుంది. కుట్టినామె పేరు రాయండి. 'మా అవ్వ' అని వదిలేయకండి, పూర్తి పేరు, ఊరు, వాడ.

వచ్చే భాగం చెప్పు గురించి. జై భీమ్.